ఎలిజబెత్ ఫార్మ్: సిడ్నీలోని ఒక తొలినాటి వలస కుటుంబపు ఇంటి వెనుక భూమి, కూలీ, గొర్రెల లెక్క

సంక్షిప్తంగా: 1793లో సిడ్నీకి పడమర పారమట్టాలో కట్టిన ఎలిజబెత్ ఫార్మ్‌ను ఆస్ట్రేలియాలో మిగిలి ఉన్న అతి పాత యూరోపియన్ నివాసంగా చెబుతారు. ఒక కష్టజీవి కుటుంబం అడవి నరికి నిలబెట్టుకున్న ఇల్లుగా దీని కథ చాలాకాలం నడిచింది. కాగితాలు చూస్తే మాత్రం ఉచితంగా వచ్చిన భూమి, ప్రభుత్వం తిండి పెట్టిన ఖైదీ కూలీలు, సైనికాధికారుల గుత్త వ్యాపారం, భర్త లేని ఏళ్లలో భార్య నడిపిన యాజమాన్యం కనిపిస్తాయి. కలకత్తా నుంచి వచ్చిన గొర్రెలు కూడా ఈ కథలో ఉన్నాయి.

లిటిల్ ఇండియా పక్కనే

పడమటి సిడ్నీ తెలుగువాళ్లకు హారిస్ పార్క్ కొత్త కాదు. విగ్రమ్ స్ట్రీట్‌లో దోసె, బిర్యానీ, మిఠాయి కొట్లు వరసగా ఉంటాయి. ఆ పేటలో ఉండేవాళ్లలో నూటికి నలభై మందికి పైగా భారతదేశంలో పుట్టినవాళ్లేనని జనాభా లెక్కలు చెబుతున్నాయి. 2023 మేలో భారత ప్రధాని సిడ్నీ వెళ్లినప్పుడు అక్కడి ‘లిటిల్ ఇండియా’ ద్వారానికి శంకుస్థాపన ఫలకం ఆవిష్కరించడంతో ఆ పేరు మన వార్తల్లోకి కూడా వచ్చింది.

అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో, రోజ్‌హిల్‌లోని ఆలిస్ స్ట్రీట్‌లో, చుట్టూ వరండా ఉన్న ఒంటి అంతస్తు ఇల్లు ఒకటుంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర వారసత్వ జాబితాలో దాని సంఖ్య 1. ఇప్పుడది మ్యూజియం. చుట్టుపక్కల పేటల చరిత్ర చాలావరకు ఈ ఇంటి భూమిలోంచి, దాని పక్క భూముల్లోంచి వచ్చిందే. హారిస్ పార్క్ పేరు కూడా పక్క పొలం యజమాని, సైనిక వైద్యుడు జాన్ హారిస్‌ది.

కాలనీకి తిండి లేని రోజులు

1788 జనవరి 26న బ్రిటిష్ ఖైదీల మొదటి నౌకాదళం సిడ్నీ కోవ్‌లో దిగింది. అక్కడి నేల ఇసుక నేల, పంట రాలేదు. అదే ఏడాది నవంబరులో, నది పైభాగాన, సిడ్నీకి సుమారు 23 కిలోమీటర్ల దూరంలో మెరుగైన మట్టి చూసి రోజ్ హిల్ అనే రెండో స్థావరం పెట్టారు. 1791లో దానికి పారమట్టా అని పేరు మార్చారు.

యూరోపియన్ల లెక్కలో అది ఖాళీ నేల. నిజానికి అది దారుగ్ భాష మాట్లాడే బురమట్టగల్ ప్రజల ప్రాంతం. నదిలో చేపలు, ఈల్‌లు (పాములాంటి చేపలు) పట్టుకుంటూ, గడ్డి మైదానాలను నిప్పుతో అదుపులో పెట్టుకుంటూ తరతరాలుగా వాళ్లు అక్కడే ఉన్నారు. చెట్లు పలచగా ఉన్న ఆ మైదానాలు వలసదారుల కంటికి దేవుడిచ్చిన పొలాల్లా కనిపించాయి. 1789లో మశూచి వచ్చి సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసీల్లో చాలామందిని చంపేసింది. కాబట్టి భూమి పట్టాలు రాసే సమయానికి అడ్డు చెప్పేవాళ్ల సంఖ్య అప్పటికే తగ్గిపోయింది. పట్టాల్లో వాళ్ల ఊసే లేదు.

జాన్ మకార్థర్, అతని భార్య ఎలిజబెత్ 1790 జూన్‌లో రెండో నౌకాదళంతో వచ్చారు. ఆ ప్రయాణంలో ఖైదీల్లో దాదాపు నాలుగో వంతు మంది దారిలోనే చనిపోయారు. జాన్ న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే సైనిక దళంలో లెఫ్టినెంట్. ఎలిజబెత్ ఇంగ్లండ్‌లోని డెవాన్ ప్రాంతపు రైతు కూతురు. చేతిలో పసిబిడ్డ, తలమీద అప్పులు. అంటే వచ్చేనాటికి వీళ్లు సంపన్నులు కారు. నాలుగేళ్లలో ఎలా అయ్యారన్నదే అసలు విషయం.

నూరెకరాలు ఎలా వచ్చాయి

1792 డిసెంబరులో మొదటి గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. వ్యవసాయాన్ని వీలైనంత ప్రభుత్వ పొలాల్లోనే నడిపించాలని ఆయన చూశాడు. ఆయన వెళ్లాక అధికారం సైనిక దళాధిపతి ఫ్రాన్సిస్ గ్రోస్ చేతికి వచ్చింది. గ్రోస్ దారి వేరు. తన దళంలోని అధికారులకు భూములు పంచాడు. 1793 ఫిబ్రవరిలో మకార్థర్‌కు పారమట్టా దగ్గర మంచి నేల నూరెకరాలు వచ్చింది. అదే సమయంలో పారమట్టాలో ప్రభుత్వ పనుల ఇన్‌స్పెక్టర్‌గా కూడా అతన్నే వేశారు. ఖైదీ కూలీలను ఎవరికి ఎంతమందిని ఇవ్వాలో తేల్చే చోట ఆ పదవి ఎంత పనికొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మొదట 50 ఎకరాలు నరికి సాగులోకి తెచ్చినందుకు 1794లో మరో నూరెకరాలు బహుమతిగా వచ్చాయి.

భూమి కన్నా కూలీ ముఖ్యం. గ్రోస్ ఏర్పాటు ప్రకారం ఒక్కో అధికారికి సాగు పనికి పదిమంది ఖైదీలు, ఇంటి పనికి ముగ్గురు. వాళ్ల తిండి, బట్ట ఖర్చు ప్రభుత్వ గిడ్డంగిది. పండిన ధాన్యాన్ని కొనేది కూడా ఆ గిడ్డంగే. అంటే కూలీ ఖర్చు సర్కారు పెడుతుంది, ఆ కూలీలు పండించిన పంటకు డబ్బు కూడా సర్కారే ఇస్తుంది. మధ్యలో మిగిలిన లాభం అధికారిది. జాగీర్లు, వెట్టి చాకిరీ గురించి విన్న తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు స్వభావం తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక తేడా ఉంది: ఈ ఖైదీకి శిక్ష తీరే తేదీ ఉండేది, తీరాక తనూ భూమి అడగొచ్చు.

భూమి, కూలీ తర్వాత మూడో ఆధారం వ్యాపారం. కాలనీలో నాణేలు దాదాపు లేవు. బయటి ఓడలు సరుకు తెస్తే లండన్‌లో చెల్లే డబ్బు కావాలి. జీతం స్టెర్లింగ్‌లో, అంటే బ్రిటిష్ పౌండ్లలో, వచ్చేది సైనికాధికారులకు. వాళ్ల జీతాల పద్దు చూసే పేమాస్టర్ మకార్థర్. అధికారులు జట్టుగా చేరి ఓడ సరుకు మొత్తాన్ని టోకున కొనేవాళ్లు, తర్వాత సారా, టీ, బట్టలు తమకు తోచిన ధరకు అమ్మేవాళ్లు. సారా అయితే కూలీగా కూడా చెల్లింది. ఆ దళానికి ‘రమ్ కోర్’ అనే పేరు ఊరికే రాలేదు.

పక్క పొలం కథ

ఇదంతా మకార్థర్ తెలివితేటల వల్లే అయిందా అని తేల్చడానికి కంచె అవతలి పొలం చూస్తే చాలు. జేమ్స్ రూస్ అనే ఖైదీకి 1789లో ఫిలిప్ కొద్దిపాటి నేల ఇచ్చి, ఒక మనిషి తన కుటుంబానికి తిండి తానే పండించుకోగలడా అని పరీక్ష పెట్టాడు. రూస్ నెగ్గాడు. ఇక ప్రభుత్వ రేషన్ అక్కర్లేదని 1791లో చెప్పాడు. అతనికి వచ్చిన 30 ఎకరాలు కాలనీలో మొదటి భూమి పట్టా. దాన్నే ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ అన్నారు.

రెండేళ్లు తిరిగేసరికి, 1793లో, రూస్ ఆ పొలాన్ని పైన చెప్పిన జాన్ హారిస్‌కు 40 పౌండ్లకు అమ్ముకున్నాడు. మరుసటి ఏడాది మకార్థర్ తన అన్నకు రాసిన ఉత్తరంలో, ఆ ఏటి పంటలో 400 పౌండ్ల సరుకు అమ్మానని, ఇంకా 1,800 బుషెళ్లకు పైగా ధాన్యం కొట్లలో ఉందని చెప్పుకున్నాడు. నేల ఒకటే, వాన ఒకటే. సాగులో రూస్‌కే అనుభవం ఎక్కువ. అతనికి లేనివి ఉచిత కూలీలు, స్టెర్లింగ్ జీతం, సరుకు కొనే జట్టులో చోటు. పంట బాగా రాని ఏడాది చిన్న రైతు అప్పుపడేది ఈ అధికారుల కొట్లకే. భూమి చేతులు మారింది కూడా ఎక్కువగా ఇదే దారిలో. ‘తొలి వలసదారులు’ అని అందరినీ ఒకే పేరుతో పిలిస్తే ఈ తేడా కనిపించకుండా పోతుంది.

గోడల్లో ఏముంది

1793లో కట్టిన ఇల్లు చిన్నదే. మకార్థర్ ఉత్తరం ప్రకారం ముందువైపు 68 అడుగులు, వెడల్పు 18 అడుగులు. మేడ లేదు. నాలుగు గదులు, పెద్ద హాలు, నేలమాళిగ, పక్కన వేరుగా వంటిల్లు, పనివాళ్ల గదులు. చుట్టూ మూడెకరాల్లో ద్రాక్ష, కూరగాయలు, పండ్ల తోట. అన్నీ వరసలో ఉన్న పొడవాటి, సన్నటి ఇల్లన్నమాట. చుట్టూ చెక్క గుడిసెలున్న కాలంలో ఇటుక ఇల్లు కట్టగలగడమే హోదా.

ఇటుకకు మట్టి దగ్గరలోనే ఉంది. కష్టమంతా సున్నానిది. కాలనీ మొదలైన చోట సున్నపురాయి దొరకలేదు, గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి సున్నం తీయాల్సి వచ్చేది. అందుకే ఆ కాలపు చాలా గోడలు మట్టి అడుసుతో పేర్చినవే. మట్టి అడుసు గోడకు వాన శత్రువు. కప్పును గోడ దాటి ముందుకు లాగి, కింద స్తంభాలు పెట్టి, గోడను వాన, ఎండ తగలకుండా కాపాడటం తెలివైన పరిష్కారం. మన పల్లె ఇళ్ల పంచ, వసారా చేసే పని ఇదే. ఇంగ్లండ్ రైతు ఇంటికి ఆ అలవాటు లేదు. భారతదేశంలోనూ ఇతర వేడి ప్రాంతాల్లోనూ పనిచేసిన బ్రిటిష్ సైనికులు, వ్యాపారులు ఆ బంగళా పద్ధతిని వెంట తీసుకెళ్లారు. తర్వాతి దశల్లో ఎలిజబెత్ ఫార్మ్ కూడా అదే రూపం తీసుకుంది. ఈ రోజు ‘అసలైన ఆస్ట్రేలియన్ ఇల్లు’ అని చూపించే వాలు కప్పు, వెడల్పాటి వరండాల పుట్టుక అంత దేశీయం కాదు.

1820ల చివర్లో మకార్థర్ ఇంటిని బాగా మార్చాడు. గదుల ఎత్తు పెరిగింది, అతిథుల గదులు విశాలమయ్యాయి, పెద్ద తలుపు కిటికీలు వచ్చాయి. పాత ఇంటిని కూల్చలేదు, దాని చుట్టూనే కొత్తది పెరిగింది. సందర్శకులు ఇప్పుడు చూసేది ఎక్కువగా ఆ తర్వాతి ఇంటినే. 1793 నాటి గోడలు లోపల ఒదిగి ఉన్నాయి.

‘అతి పాతది’ అనే బిరుదు విషయంలో జాగ్రత్త ఎందుకు అవసరమో ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ దగ్గరి కాటేజీ చెబుతుంది. అది 1790ల నాటిదని చాలాకాలం నమ్మారు. తర్వాతి పరిశోధనలో అది 1830ల మధ్యలో కట్టిందని తేలింది. పొలం పాతది కాబట్టి ఇల్లు కూడా పాతదే అనుకోవడంతో వచ్చిన చిక్కు అది. ఎలిజబెత్ ఫార్మ్‌కు ఉత్తరాల సాక్ష్యం, గోడల సాక్ష్యం రెండూ ఉన్నాయి. దాని బలం అదే.

బెంగాల్ గొర్రె, స్పెయిన్ గొర్రె

మకార్థర్ పేరు చెప్పగానే ఆస్ట్రేలియన్లకు స్పెయిన్ జాతి మెరినో గొర్రెల ఉన్ని గుర్తొస్తుంది. 1966లో వచ్చిన రెండు డాలర్ల నోటు మీద అతని బొమ్మ, పక్కనే మెరినో గొర్రె. ఆ కథ మొదలైంది మాత్రం కలకత్తా నుంచి. 1790ల తొలి ఏళ్లలో ఓడల మీద వచ్చిన 60 బెంగాల్ ఆడగొర్రెలను మకార్థర్ కొన్నాడు. అవి మాంసానికి. వాటి ఒంటిమీద ఉన్ని కాదు, వెంట్రుకలే. ఐర్లండ్ గొర్రెలతో దాటిస్తే పిల్లలకు వెంట్రుక, ఉన్ని కలిసిన బొచ్చు వచ్చింది. మేలైన ఉన్ని తీయొచ్చన్న ఆలోచన తనకు అక్కడే తట్టిందని అతనే తర్వాత చెప్పుకున్నాడు. 1797లో దక్షిణాఫ్రికా కేప్ నుంచి నౌకాధికారులు వాటర్‌హౌస్, కెంట్ మెరినోలను తెచ్చారు. వాటిలో కొన్నిటిని మకార్థర్ కొన్నాడు. మెరినోను ఆస్ట్రేలియాకు తెచ్చింది మకార్థర్ అనే మాట కాబట్టి సగమే నిజం. తెచ్చింది వేరేవాళ్లు. దాన్ని పెద్ద వ్యాపారంగా లండన్ ముందు పెట్టింది అతను.

బెంగాల్ గొర్రెల కథ అక్కడితో ఆగలేదు. ఒకే ఈతలో రెండు మూడు పిల్లలను వేసే బూరూలా మెరినో అనే రకం ఆస్ట్రేలియాలో పేరు పొందింది. ఆ లక్షణానికి కారణమైన జన్యు మార్పును శాస్త్రవేత్తలు 2001లో గుర్తించారు. సుందరబనాల గారోల్ గొర్రెల్లోనూ అదే మార్పు ఉంది. తొలినాళ్లలో కలకత్తా నుంచి వెళ్లిన గొర్రెలతోనే అది ఆస్ట్రేలియా చేరిందన్నది పరిశోధకుల అంచనా. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో అదే జన్యువును దక్కనీ గొర్రెల్లోకి ఎక్కించి ఈతకు పిల్లల సంఖ్య పెంచారు. ఆ దక్కనీ గొర్రె తెలంగాణ కురుమ, గొల్ల కుటుంబాలకు బాగా తెలిసిన గొంగడి గొర్రే.

భర్త లేని పన్నెండేళ్లు

1801లో తన పై అధికారి కర్నల్ ప్యాటర్సన్‌తో ద్వంద్వ యుద్ధం చేసి అతన్ని గాయపరిచినందుకు గవర్నర్ కింగ్ మకార్థర్‌ను విచారణకని ఇంగ్లండ్ పంపాడు. శిక్షగా వెళ్లినవాడు లాభంతో తిరిగొచ్చాడు. ఉన్ని నమూనాలు చూపించి, ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల స్పెయిన్ ఉన్ని దొరక్క ఇబ్బంది పడుతున్న మిల్లు యజమానుల మద్దతు సంపాదించాడు. మంత్రి లార్డ్ కామ్డెన్ ద్వారా 5,000 ఎకరాలకు ఆర్డరు తెచ్చుకున్నాడు. రాజు మందలోని మెరినోలు కొన్ని కొన్నాడు. 1805లో ‘ఆర్గో’ అనే ఓడలో దిగాడు.

1808 జనవరి 26న, అంటే కాలనీకి ఇరవై ఏళ్లు నిండిన రోజున, గవర్నర్ బ్లైను సైన్యం పదవి నుంచి తోసేసింది. చరిత్రలో అది ‘రమ్ తిరుగుబాటు’. వెనుక మకార్థర్ ఉన్నాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ వెళ్లి, అరెస్టు భయంతో 1817 దాకా తిరిగి రాలేకపోయాడు. రెండు విడతలు కలిపితే పన్నెండేళ్లకు దగ్గర.

ఈ కాలంలో పొలం నడిపింది ఎలిజబెత్. ఏ పొట్టేలును ఏ మందకు దాటించాలో, ఖైదీ కూలీల్లో ఎవరిని ఎక్కడ పెట్టాలో, ఉన్ని ఎలా కడిగి మూటలు కట్టి పంపాలో నిర్ణయించింది ఆవిడే. లండన్ నుంచి భర్త సలహాలు వచ్చేవి కానీ ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది. ఉత్తరం వచ్చేసరికి ఆ కాలపు పని అయిపోయేది. 1822లో ఉన్నికి లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఇచ్చిన బంగారు పతకాలు మాత్రం జాన్ పేరు మీద. పొలానికి ఆమె పేరు పెట్టి, పని లెక్క అతని ఖాతాలో రాయడం చాలాకాలం సాగింది. గత కొన్ని దశాబ్దాల్లోనే చరిత్రకారులు దాన్ని సరిచేశారు.

కంచె బయట యుద్ధం

ఇంట్లో తోటలు పెరుగుతున్న ఏళ్లలోనే బయట యుద్ధం జరుగుతోంది. బిడ్జిగల్ వీరుడు పెముల్వుయ్ నాయకత్వంలో ఆదివాసీలు పొలాల మీద దాడులు చేశారు, మొక్కజొన్న పంటలు ఎత్తుకుపోయారు, తగలబెట్టారు. వాళ్ల ఆహారం దొరికే నది ఒడ్లన్నీ పొలాలుగా మారాక పంట మీద దాడి ఆకలి తీర్చుకోవడమూ అయింది, పోరాటమూ అయింది. 1797 మార్చిలో పారమట్టా ఊళ్లోనే సుమారు వందమంది యోధులు సైనికులతో తలపడ్డారు. ఏడు తూటాలు తగిలినా పెముల్వుయ్ బతికి తప్పించుకున్నాడు. 1802లో అతన్ని కాల్చి చంపి, తలను ఇంగ్లండ్ పంపించారు. అతని కొడుకు టెడ్‌బరీ మాత్రం మకార్థర్ ఇంటికి వచ్చిపోతుండేవాడు. ఒకే ఇంటి చుట్టూ స్నేహం, ఆక్రమణ రెండూ ఉన్నాయి. ఒకటి నిజమని రెండోదాన్ని కొట్టేయడం కుదరదు.

ఇల్లు ఎందుకు మిగిలింది

జాన్ చివరి ఏళ్లలో మతి చెడింది. 1834లో, లార్డ్ కామ్డెన్ ద్వారా వచ్చిన భూములున్న కామ్డెన్ అనే చోట చనిపోయాడు. ఎలిజబెత్ 1850 దాకా బతికింది. కుటుంబపు అసలు ఆస్తి అప్పటికే కామ్డెన్‌కు మారిపోయింది కాబట్టి పారమట్టా ఇంటిని ఇక పెద్దగా మార్చలేదు. ఆస్తి బాగా పెరిగే చోట పాత ఇల్లు కూల్చి కొత్తది కడతారు. ఇక్కడ డబ్బు వేరేచోటికి వెళ్లిపోయింది కాబట్టి ఇల్లు తప్పించుకుంది.

1880లలో భూమిని ముక్కలు చేసి అమ్మారు. ఇల్లు శిథిలమైంది. 1904లో స్వాన్ కుటుంబం కొని బాగుచేసుకుని 1968 దాకా అందులో ఉంది. చరిత్ర పుస్తకాలు మకార్థర్‌లకు కేటాయించినన్ని పేజీల్లో నాలుగైనా వీళ్లకు ఇవ్వవు. గోడలు మిగలడంలో మాత్రం పెద్ద వాటా వీళ్లదే. తర్వాత ఒక ట్రస్టు, ఆపైన రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చి, 1984లో మ్యూజియంగా తెరిచారు. సామాన్లు చాలావరకు నకళ్లు కాబట్టి తాళ్లు కట్టి ఆపరు. సందర్శకులు కుర్చీలో కూర్చోవచ్చు, బల్ల మీద కాగితాలు తిరగేయొచ్చు.

కుటుంబం రాసిన ఉత్తరాలు, పద్దులు పెట్టెల కొద్దీ మిగిలాయి. పొలం దున్నిన ఖైదీలవి చాలావరకు పేర్లు, శిక్షా కాలాలు మాత్రమే మిగిలాయి. బురమట్టగల్ వాళ్ల గురించి ఉన్నది ఎక్కువగా వలసదారులు రాసిందే. ఏ ఫామ్‌హౌస్ మ్యూజియమైనా ఈ అసమానతతోనే మొదలవుతుంది. ఇప్పుడు గైడ్ చెప్పే కథలో ఖైదీలు, ఆదివాసీలు చేరడం వెనుక ఉన్నది ఈ లోటును పూడ్చే ప్రయత్నమే.

భూమి కథ ఇంకా సాగుతోంది. ఎస్టేట్ ముక్కలైన కాలంలోనే, 1885లో, రోజ్‌హిల్ రేస్‌కోర్స్ తెరుచుకుంది. 2023 చివర్లో ఆ మైదానాన్ని అమ్మి మెట్రో స్టేషన్‌తో పాటు 25,000 ఇళ్లు కట్టే ప్రతిపాదన వచ్చింది. 2025 మేలో రేసింగ్ క్లబ్ సభ్యులు ఓటు వేసి దాన్ని తిరస్కరించారు. ఇళ్ల కొరత, అద్దెల భారం ఎక్కువగా ఉన్న సిడ్నీలో ఆ నేల మీద ఒత్తిడి తగ్గే సూచనలు లేవు. చుట్టుపక్కల టవర్లు పెరిగే కొద్దీ ఆ ఇంటి మీద పడే నీడ, నది వైపు దాని చూపు, తోట కింద మిగిలిన పురావస్తు పొరలు ప్లానింగ్ వివాదాల్లోకి వస్తాయి. జాబితాలో మొదటి నంబరు ఉన్నంత మాత్రాన పక్క స్థలాల్లో ఏం కట్టాలన్నది తేలిపోదు.